మూడో మెట్టులో ఖాళీ గడి

ధర్మవరంలో అమావాస్య నాడు మగ్గం కదలదు. ఎందుకు కదలకూడదని నేను పదిహేనేళ్లుగా అడుగుతున్నాను. పెద్దలు కదపలేదు కాబట్టి మేమూ కదపం అన్నదే ఇప్పటికీ సమాధానం. చంద్రుడి దశకూ పట్టుదారం తెగడానికీ సంబంధం లేదని పట్టిక వేసి మరీ నిరూపించగలను. అయితే ఆ సెలవు లేకపోతే మా ఆట కూడా ఉండదు గనుక, ఈ ఒక్క విషయంలో నా వాదనను కొంతకాలంగా వాయిదా వేసుకున్నాను.

ఆట అంటే చీట్లపేక కాదు. నలుగురం బల్ల చుట్టూ కూర్చుంటాం. ఒకరు కథ నడుపుతారు. మిగిలినవారు తలా ఒక పాత్ర ధరించి, ఆ పాత్ర ఏం చేస్తుందో నోటితో చెబుతారు. చేసిన పని ఫలించిందా లేదా అన్నది ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. అనుభవం గడించే కొద్దీ పాత్ర ఒక్కో మెట్టు ఎక్కుతుంది, మెట్టు మెట్టుకూ కొత్త శక్తులు వస్తాయి. కథలో రాక్షసులూ మంత్రాలూ దండిగా ఉంటాయి. దేవుళ్లు కూడా ఉంటారు. చిక్కంతా అక్కడే వచ్చింది.

కథ నడిపేది చంద్రమోహన్. జకార్డు మగ్గాల కోసం చీర డిజైన్ల అట్టలకు రంధ్రాలు కొట్టడం అతని వృత్తి. అట్టలో రంధ్రం ఉంటే దారం లేస్తుంది, లేకపోతే లేవదు. జూనియర్ కాలేజీలో భౌతికశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, ఆ ఏర్పాటును దగ్గరగా చూడాలని ఒకనాడు అతని దుకాణానికి వెళ్లాను. ఆ రోజు అమావాస్య అన్న సంగతి, సహజంగానే, నాకు గుర్తులేదు. బల్ల మీద అట్టలకు బదులు పాచికలు కనిపించాయి. దెబ్బతిన్న అట్టల వెనుకవైపు పాత్రల వివరాలు రాసి ఉన్నాయి. ఏడాదిపాటు ఊరికే కూర్చుని చూశాను.

ఆడేవాళ్లు ఇద్దరు. ఒకడు ఈరన్న, ముదిగుబ్బ పక్క పల్లెలో గొర్రెల కాపరి, పదో తరగతి దాకా చంద్రమోహన్ సహాధ్యాయి. అతని పాత్ర గండప్ప అనే యోధుడు. రెండో మనిషి సువర్ణ. దుకాణం పక్కింట్లో సొంత మగ్గం మీద నేస్తుంది. ఆమె పాత్ర పిల్లిగోరు అనే దొంగ. కొట్టేవాడున్నాడు, కొట్టేసేదుంది, గాయాలు మాన్పే వైద్యుడు లేడు. ఆ పాత్ర తీసుకోమని నన్ను ఎన్నోసార్లు అడిగారు. పాత నియమాల ప్రకారం వైద్యుడు మొదటి మెట్టులోనే తన దేవుణ్ణి ఎంచుకోవాలి. కుదరదన్నాను.

పోయిన దసరాకు ఆట నియమాల పుస్తకం కొత్త కూర్పు వచ్చింది. చంద్రమోహన్ తెప్పించి, నెలరోజులు కూర్చుని, పట్టికలన్నీ తెలుగులో అట్టల మీదికి ఎక్కించాడు. మెట్ల లెక్కంతా మారిపోయింది. పాత కూర్పులో ఒక్కో వృత్తివాడు ఒక్కో మెట్టు దగ్గర తన ప్రత్యేక మార్గాన్ని ఎంచుకునేవాడు. కొత్త కూర్పులో యోధుడైనా దొంగైనా వైద్యుడైనా అందరూ మూడో మెట్టులోనే ఎంచుకోవాలి. ఆ సమరూపత నాకు నచ్చింది. అంతకన్నా, వైద్యుడి పట్టికలో ఒకటో మెట్టుకూ రెండో మెట్టుకూ ఎదురుగా 'దైవం' అన్న గడి ఖాళీగా ఉండటం మరీ నచ్చింది. దేవుడి ప్రసక్తి లేకుండా వైద్యం జరుగుతుందని అచ్చులో చూసి ఆనందించనివాడు హేతువాదే కాడు.

అయినా తొందరపడలేదు. లెక్క వేశాను. పాత పద్ధతిలో మూడో మెట్టుకు తొమ్మిది వందల అనుభవాంకాలు కావాలి. ఈ ముగ్గురి వేగం చూస్తే అమావాస్యకు యాభై దాటవు. అంటే పద్దెనిమిది అమావాస్యలు, ఏడాదిన్నర. ఈలోగా వీళ్లకే విసుగు పుట్టవచ్చు. వైద్యుడిగా చేరాను.

కొత్త కూర్పులో అంకాలు లెక్కపెట్టనక్కర లేదనీ, కథ ఒక ముఖ్యమైన మలుపు తిరిగినప్పుడల్లా అందరూ ఒక మెట్టు ఎక్కవచ్చుననీ పట్టిక కింద చిన్న అక్షరాల్లో ఒక పేరా ఉంది. చంద్రమోహన్ ఆ పద్ధతి పాటిస్తున్నాడు. ముప్పై ఆరేళ్లపాటు విద్యార్థులకు "పట్టిక కింద ఉన్నది కూడా చదవండి" అని చెప్పిన మనిషిని, ఆ పేరా నేను చదవలేదు. మూడో మెట్టు నాలుగో అమావాస్యకే వచ్చి కూర్చుంది.

అది మాఘ అమావాస్య, శివరాత్రి మరునాడు. సువర్ణ రాత్రంతా జాగరణ చేసి ఎర్రబడిన కళ్లతో వచ్చింది. ఈరన్న జాగరణ పూర్తిచేసి, పొద్దున్నే గొర్రెలకు నీళ్లు పెట్టి, బస్సులో నిలబడే నిద్రపోయి వచ్చాడు. నేను ఎనిమిది గంటలు హాయిగా నిద్రపోయి వచ్చాను.

కిందటి అమావాస్యకు ఆట ఆపిన చోటు ఇది. తేలు గుహ దాటగానే, ఎండిన ఏటి ఒడ్డున, గండప్పను రాతితేలు కుట్టింది. కుట్టిన చోటి నుంచి ఒళ్లు రాయిగా మారుతూ పైకి పాకుతుంది. సూర్యాస్తమయానికి గొంతు దాకా వస్తే మనిషి పోయినట్టే. విషాన్ని విరిచే మంత్రం వైద్యుడికి మూడో మెట్టులో వస్తుంది.

"తేలు గుహ దాటి బయటపడినారు కాబట్టి అందరికీ మూడో లెవెల్ ఇస్తాండా" అన్నాడు చంద్రమోహన్. "సార్, మీ అట్టలో దేవుని పేరు రాయండి. మంత్రం పడుతుంది, గండప్ప లేస్తాడు, ముందుకు పోదాం."

పుస్తకంలోని నాలుగు దైవమార్గాలకూ అతను మన పేర్లు పెట్టాడు. వెలుగుకు దివిటీరాయుడు, ప్రాణానికి ఊటమ్మ, యుద్ధానికి కత్తులయ్య, మాయకు మాయలప్ప.

"నేను మూడో మెట్టు ఎక్కను. రెండులోనే ఉంటాను" అన్నాను.

చంద్రమోహన్ పుస్తకం తెరిచి ముందుకూ వెనక్కూ తిప్పాడు. "ఎక్కనని ఇంతవరకూ ఎవరూ అడగలేదు సార్. దానికి రూలే లేదు."

"నిషేధించలేదు గదా. అయితే ఉండవచ్చు."

"ఉండండి సార్, మీరు బాగుండండి" అన్నాడు ఈరన్న. "నేను రాయి అయిపోతా. ఎవరన్నా వచ్చి కుంకుమ పెట్టి మొక్కుకుంటారు. మీకు ఇంకో పని తగులుతాది."

సువర్ణ పకపకా నవ్వింది. "సార్, నేను ఇన్నాళ్ల నుంచి దొంగతనం చేస్తాండా. ఇంటికి పోయేటప్పుడు ఎవరి మెడలోనన్నా చెయ్యి పెట్టినానా? పలకమీద రాసి తుడిపేసినట్ల రాయండి. ఏం పోతాది మీది?"

ఏం పోతుందో చెప్పడం అంత తేలిక కాదు. నా పెళ్లి రిజిస్ట్రారు ఆఫీసులో జరిగింది. జనాభా లెక్కల్లో, ఆసుపత్రి చీటీల్లో, పిల్ల బడి దరఖాస్తులో, పెన్షన్ కాగితాల్లో మతం అన్న గడి ఎదురైన ప్రతిచోటా నలభై ఏళ్లుగా అడ్డగీత గీస్తూ వచ్చాను. గుమాస్తాలు విసుక్కున్నారు. ఒకాయన కాగితం నా ముందే చింపాడు. ఇప్పుడు అలాంటి గడి ఒకటి, చీర కొంగు డిజైను వెనుక, నా చేతిరాత కోసం ఎదురుచూస్తోంది. ఆట కదా అంటే ఆటే. కానీ ఆటలో నేను చెప్పే ప్రతి మాటా నేను చెబుతున్న మాటే.

"ఈరన్నా, గండప్ప పోతే ఇంకో యోధుణ్ణి తయారుచేసుకోరాదా?" అన్నాను.

ఈరన్న నవ్వడం మానేశాడు. తన అట్టను నా వైపు జరిపాడు. అందులో మెట్టు అన్నచోట ఐదు రాసి కొట్టివేసి ఉంది. దాని పక్కన ఒకటి, ఆపైన రెండు. రెండేళ్లు ఆడి ఐదో మెట్టు దాకా తెచ్చుకున్న గండప్పను, కొత్త కూర్పు రాగానే అందరితోపాటు మళ్లీ మొదటి మెట్టుకు దించారు. ఆ రోజు ఈరన్న గట్టిగానే దెబ్బలాడాడు. మెట్లు పోయినా మనిషి అదే గదా అని చంద్రమోహన్ సర్దిచెబితే ఒప్పుకున్నాడు. రెండు పక్కన ఇప్పుడు పెన్సిలుతో, పలచగా, మూడు కూడా రాసి ఉంది. ఆశకొద్దీ ఇంటి దగ్గరే రాసుకున్నట్టున్నాడు.

"ఎల్లుండి విదియ సార్. మందను తోలుకొని తుంగభద్ర కాలువ కిందికి పోతాండా. మళ్లా వచ్చేది జూన్లో. గొర్రెల వెనక నాలుగు నెల్లు నడిచేటోనికి ఏం తోస్తాది? దోవ పొడుగునా గండప్ప యాడ పోయినాడు, ఎవనితో కొట్లాడినాడు, ఏం తిన్నాడు, అదే అల్లుకుంటా పోతా. పోయినేడు గుత్తి దాటేలోపల వానికి పెండ్లి కూడా చేసినా. సచ్చినోని గురించి ఏం అల్లుకుంటా పోయేది, మీరే చెప్పండి."

"నువ్వు పెండ్లి చేసిన సంగతి నాకు చెప్పనే లేదే" అన్నాడు చంద్రమోహన్.

"నీకు చెప్తే ఆ పిల్లను ఏదో ఒక దయ్యం ఎత్తకపోతాది. నాకు తెలీదా నీ సంగతి?"

నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. తర్కం నా పక్షాన ఉండి న్యాయం అవతలి పక్షాన ఉన్నప్పుడు నేను చేసే పని అదే. అప్పుడొక ఆలోచన తట్టింది. ఈ లోకంలో నేను దేవుణ్ణి ఒప్పుకోకపోవడానికి కారణం ఆధారాలు లేకపోవడం. ఆ లోకంలో ఆధారాలు ఉండవచ్చు. ఉన్నాయో లేవో చూడకుండానే కాదనడం హేతువాదం కాదు, మొండితనం.

"చంద్రమోహన్, నా వైద్యుడు ఆ దేవతలను పరీక్షిస్తాడు" అన్నాను.

"పరీక్షా?"

"ఏం చేయగలరో ముందుగా చెప్పాలి. చెప్పింది నా ఎదురుగా జరగాలి. వేరే కారణంతో జరిగే వీలు ఉండకూడదు. నెగ్గినవారి పేరు రాస్తాను."

చంద్రమోహన్ ముఖం వెలిగింది. కథ నడిపేవాడికి ఇంతకన్నా ఏం కావాలి? "సరే సార్. కథలో సూర్యాస్తమయానికి మూడు గంటలుండాయి. ఒక్కో పరీక్షకు ఒక గంట పడుతుంది. పేరు రాసి దీక్ష తీసుకునేదానికి ఇంకో గంట. ఇప్పుడు రాయి మోకాలి దాకా వచ్చింది."

అంటే రెండు పరీక్షలకు మాత్రమే వ్యవధి. మొదట దివిటీరాయుణ్ణి పిలిచాను. నూనె లేని ప్రమిదను నిప్పు లేకుండా వెలిగిస్తానన్నాడు. పాచిక వేశాను, పద్నాలుగు. ప్రమిద భగ్గున వెలిగింది. ఏటి ఒడ్డు గుడి మంటపమంతా కాంతితో నిండిపోయిందని చంద్రమోహన్ చాలా బాగా వర్ణించాడు.

"అయిపాయె, రాసేయండి" అన్నాడు ఈరన్న.

"చెల్లదు. ఆ పని నేను పర్మాంగనేటూ గ్లిజరినూ పెట్టుకొని రెండు వందల బడుల్లో చేసి చూపించినానప్పా. ప్రమిదలో ముందే ఏం వేసిపెట్టినాడో ఎవరికి తెలుసు?"

"దేవుడు సార్ ఆయప్ప! దేవుడు మందు పెడతాడా?"

"అందరూ అదే అంటారు."

"రాయి నడుము దాకా వచ్చింది" అన్నాడు చంద్రమోహన్, గొంతులో కపట విచారంతో.

సువర్ణ లేచి పక్కింటికి వెళ్లి టీ పట్టుకొచ్చింది. ఈరన్న గ్లాసు ముట్టలేదు. పైకి చూస్తూ, కాలూ నడుమూ కదిలించకుండా బిగుసుకుని కూర్చున్నాడు. పాత్రను అంత నిష్ఠగా ధరించేవాణ్ణి నేను నాటకాల్లో కూడా చూడలేదు.

రెండో పరీక్షకు ఊటమ్మను పిలిచాను. బండలో నుంచి నీళ్లు రప్పిస్తానంది. ఈసారి మోసానికి చోటు లేకుండా కట్టుదిట్టం చేశాను. ఏటి ఒడ్డున ఇరవై బండలు ఎంచి వాటికి అంకెలు వేయించాను. పిల్లిగోరును పంపి ఒక్కో బండ కిందా గొట్టాలూ తిత్తులూ ఏమైనా దాచారేమో తడిమి చూడమన్నాను.

"ఈ దొంగను నమ్ముతారు, దేవుణ్ణి నమ్మరు" అంటూనే సువర్ణ ఇరవై బండలూ వెతికింది. "ఏం లేదు సార్. ఒక దాని కింద తొండ ఉండాది."

ఏ బండ అన్నది ఊటమ్మా చెప్పకూడదు, నేనూ చెప్పకూడదు. పాచిక చెప్పాలి. వేశాను. పదిహేడు.

చంద్రమోహన్ బల్ల మీదికి వంగాడు. ముందు బండ మీద చెమట పట్టినట్టు తడి కనిపించిందన్నాడు. తర్వాత వెంట్రుకంత బీట. ఆ బీటలోంచి సన్నటి ధార నేల మీద పడి, దుమ్మును ముద్దచేసి, పల్లానికి దారి వెతుక్కుందన్నాడు. మేం నలుగురమూ నీటిచుక్క దొరకని ఈ ఎర్రనేల మీద పుట్టి పెరిగినవాళ్లమే.

"నీళ్లు తియ్యగుండాయా?" అని అడిగాడు ఈరన్న, మెల్లగా.

"తియ్యగానే ఉండాయి. రాయి రొమ్ము దాకా వచ్చింది. ఒక్క గంటే ఉండాది సార్."

పరీక్ష బాగా జరిగింది. లోపం ఒక్కటే. ఒక్కసారి జరిగింది. ఇరవైలో ఒక బండ కింద సహజంగానే జల ఉండి, అది పదిహేడోదే అయి, పాచికకు అదే పడి ఉండవచ్చు. అరుదే కానీ అసాధ్యం కాదు. ఒక్క పరిశీలన మీద ఏ నిర్ణయానికీ రాకూడదని నేను బోర్డు మీద రాసిన వాక్యాలను కొలిస్తే ఇక్కడి నుంచి హిందూపురం దాకా వస్తాయి. మళ్లీ ఒకసారి పాచిక వేసి ఇంకో బండను చూడాలి. అందుకొక గంట పడుతుంది.

"ఇంకొక్కసారి చూస్తే..." అన్నాను.

ఈరన్న దబాయిస్తాడనీ, తిడతాడనీ అనుకున్నాను. అతను అట్టను దగ్గరికి లాక్కుని, జేబులోంచి రబ్బరు తీసి, పెన్సిలుతో రాసుకున్న మూడును చెరపడం మొదలుపెట్టాడు. చిరగకుండా జాగ్రత్తగా, అట్టకు దెబ్బ తగలకుండా చెరుపుతున్నాడు.

"ఉండప్పా" అన్నాను. "చెరపద్దు."

చంద్రమోహన్ వైపు తిరిగి దీక్షకు ఏం చెప్పాలో అడిగాను. నమ్ముతున్నానని అనాలంటే అననని ముందే హెచ్చరించాను.

అతను కళ్లు మూసుకుని ఊటమ్మ అయిపోయాడు. "నువ్వు నన్ను నమ్మనక్కరలేదు వైద్యుడా. నేను ఉండాననేది నీ కంటితోనే చూసినావు. నీకు తప్ప ఇంకొకరికి వినపడే నోరు నాకు లేదు. నన్ను ఎవరన్నా ఏమన్నా అడిగితే నా తరఫున నువ్వు నిలబడి మాట్లాడతావా? అంతే నాకు కావాల్సింది."

నేను ఊహించినదానికన్నా చాలా సులభమైన షరతు. వకీలు చేసే పని. "మాట్లాడతాను" అన్నాను. పెన్ను తీసి, గడిలో, 'ఊటమ్మ' అని రాశాను. 'ఆధారం: ఒక్క పరిశీలన. సరిపోదు' అని బ్రాకెట్లో చేర్చబోతే సువర్ణ పెన్ను లాక్కుంది.

మంత్రం వేశాను. రాయి పెచ్చులు పెచ్చులుగా రాలిపోయింది. గండప్ప ఒళ్లు విరుచుకుని లేచాడు. ఈరన్న అంతకన్నా పెద్దగా ఒళ్లు విరుచుకుని, చల్లారిన టీ ఒక్క గుక్కలో తాగి, చెరిపిన చోట పెన్నుతో మూడు వేశాడు. చంద్రమోహన్ కొత్త శక్తులు ఏవేవి వచ్చాయో చదివి వినిపించాడు. రెండు దెబ్బలు ఒకేసారి కొట్టవచ్చునంటే ఈరన్న బల్ల మీద గుద్ది చూపించాడు. పాచికలు ఎగిరిపడ్డాయి.

"సరే, గండప్ప లేచినాడు. ఇప్పుడు ఏం చేస్తాడు?" అన్నాడు చంద్రమోహన్.

ఈరన్న ఖాళీ గ్లాసును పక్కకు జరిపాడు. "ఆ పదిహేడో బండ కాడికి పోతాడు. నీళ్లు తాగుతాడు. ముఖం కడుక్కుంటాడు."

"కడుక్కున్నాడు."

"కడుక్కొని ఊటమ్మను ఒక మాట అడుగుతాడు." ఈరన్న గొంతు మారింది. అది గండప్ప గొంతో ఈరన్న గొంతో నాకు తెలియలేదు. "అమ్మా, సార్ అడిగినాడని ఒట్టి బండలో నుంచి నీళ్లు తెప్పిస్తివి. నా పెండ్లినాటికి మా చేనులో మూడు బోర్లు ఏపిస్తిమి. మూడింట్లో దుమ్మే వచ్చె. మా నాయన ప్రతి బోరు కాడా టెంకాయ కొట్టినాడు. నువ్వు ఉండావు గదా. మరి అప్పుడు యాడుంటివి?"

ఆ ప్రశ్న నాది. అక్షరాలా నాది. కదిరిలో, మడకశిరలో, గోరంట్లలో ఎన్నో వేదికల మీద నేను అడిగిన ప్రశ్న. జవాబు చెప్పలేక స్వాములు నీళ్లు నమిలిన ప్రశ్న. నలభై ఏళ్లుగా ఈరన్న లాంటివాడి నోట వినాలని నేను ఎదురుచూసిన ప్రశ్న. ఆనందంతో బల్ల మీద చరిచి, చంద్రమోహన్ ఎలా తప్పించుకుంటాడో చూద్దామని వెనక్కి జారగిలబడ్డాను.

చంద్రమోహన్ చేతులు కట్టుకుని నా వైపే చూస్తున్నాడు. సువర్ణ కూడా నా వైపే చూస్తోంది.

"అమ్మకు నోరు లేదు సార్" అన్నాడు చంద్రమోహన్. "ఆమె తరఫున మాట్లాడేది మీరు."

తెలిసిన జవాబులన్నీ వరసగా నాలుక మీదికి వచ్చాయి. పూర్వజన్మ కర్మ. భక్తికి పరీక్ష. లోకంలో పెరిగిన పాపం. మన చిన్న బుద్ధికి అందని పెద్ద ఉద్దేశం. ఒక్కో దాన్నీ ఎలా ఖండించాలో కూడా అదే వరసలో నాకు కంఠతా వచ్చు. ఊటమ్మను సమర్థించడానికి ఈ జిల్లాలో నాకన్నా సిద్ధంగా ఉన్నవాడు లేడు. నాకన్నా అనర్హుడూ లేడు. నోరు తెరిచాను. ఈరన్న నా ముఖంలోకి చూస్తున్నాడు. ఎగతాళి లేదు. నిజంగానే తెలుసుకోవాలని చూస్తున్నాడు.

ఆ జవాబులన్నిటినీ పక్కన పెట్టాను.

"నాకు తెలీదప్పా" అన్నాను. "ఆమెను అడిగి చెప్తా."

"నిజంగా అడుగుతారా?"

"దీక్ష తీసుకున్నాను గదా. అడగాల్సిందే."

ఈరన్న తలాడించాడు. అట్టను ప్లాస్టిక్ సంచిలో పెట్టి, సంచిని మడిచి, చొక్కా లోపలి జేబులో పెట్టుకున్నాడు. లేచి వాకిలి దాకా వెళ్లి, చెప్పుల్లో కాళ్లు పెడుతూ ఆగాడు.

"గట్టిగా అడగండి సార్. బడిపిల్లోళ్లను అడిగినట్ల నిలబెట్టి అడగండి. ఏదో ఒకటి చెప్పి తప్పించుకుంటే ఒప్పుకోవద్దండి" అన్నాడు. "దోవలో గండప్ప కూడా అడుగుతాంటాడు."